డెట్రాయిట్ నిజంగా కోలుకుందా? ఎవరి లెక్కన?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి డెట్రాయిట్ మారుతున్నారు, ఆఫీసు డౌన్‌టౌన్‌లో. ఒక వీడియోలో పాడుబడ్డ ఇళ్లు, ఇంకో వీడియోలో మెరిసే టవర్లు చూశారు. జనాభా 18 లక్షల నుంచి 6 లక్షలకు పడిపోయిన ఊరు కోలుకుందని ఎలా అంటున్నారు, భార్యతో, స్కూలుకెళ్లే పాపతో ఊళ్లోనే ఉండాలా, లేక తెలుగువాళ్లందరిలా శివారు ఊళ్లైన నోవైలోనో ట్రాయ్‌లోనో ఉండాలా అని అడిగారు.

ఈ ప్రాంతపు స్థానిక ప్రభుత్వాల బడ్జెట్లు చూడటమే చాలా ఏళ్లుగా నా ఉద్యోగం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మీరు చూసిన రెండు వీడియోలూ నిజమే. ఆ రెండిట్లోనూ కనపడని విషయం ఒకటుంది, ముందు అది చెప్పాలి.

1950 జనగణనలో డెట్రాయిట్ నగర జనాభా 18,49,568. 2020లో 6,39,111. ఈ రెండు అంకెలు అందరూ చెబుతారు. ఇప్పుడు నగరం సరిహద్దు దాటి మెట్రో ప్రాంతం మొత్తం చూడండి. వేన్, ఓక్లాండ్, మకోంబ్, లివింగ్‌స్టన్, సెయింట్ క్లెయిర్, లపీర్, ఈ ఆరు కౌంటీల్లో కలిపి 2020లో సుమారు 44 లక్షల మంది ఉన్నారు. 1970లో దాదాపు 45 లక్షలు. అంటే యాభై ఏళ్లలో ప్రాంతం ఇంచుమించు ఉన్నచోటే ఉంది. కార్ల పరిశ్రమకు పెద్ద పెద్ద దెబ్బలు తగిలినా ఇంజనీర్లు, డిజైన్ సెంటర్లు, సప్లయర్ కంపెనీలు ఇక్కడే ఉన్నాయి. ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో, జనరల్ మోటార్స్ (జీఎం) టెక్నికల్ సెంటర్ వారెన్‌లో, క్రైస్లర్ ఆబర్న్ హిల్స్‌లో. ఈ మూడు ఊళ్లూ డెట్రాయిట్ నగర పరిధిలో లేవు. మెట్రో ప్రాంతం మిగిలే ఉంది, ఖాళీ అయింది మధ్యలో ఉన్న నగరం. డబ్బు, ఉద్యోగాలు, జనం నగర సరిహద్దు గీత దాటి పక్కకు జరిగారు. ఆ గీతకు ఉత్తరాన పేరు ఎయిట్ మైల్ రోడ్.

ఇది ఎప్పుడు మొదలైందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది 1967 అల్లర్లతో మొదలుపెడతారు. ఆ జూలైలో 43 మంది చనిపోయారు, ఊరి మీద ఆ దెబ్బ చాలా పెద్దది, కాదనను. కానీ 1947 నుంచి 1963 మధ్యే నగరం 1.34 లక్షల ఫ్యాక్టరీ ఉద్యోగాలు కోల్పోయింది. 1950 నుంచి 1960 మధ్య జనాభా సుమారు 1.8 లక్షలు తగ్గింది. అల్లర్లకు చాలా ముందే జనం కదలడం మొదలైంది. పాత ఫ్యాక్టరీలు నాలుగైదు అంతస్తులవి. కొత్తగా కట్టేవాటికి ఒకే అంతస్తులో ఎకరాల కొద్దీ స్థలం కావాలి, అది నగరం బయట దొరికింది. అక్కడికి ఫ్రీవేలు వేశారు. ఇళ్ల లోన్లకు ఫెడరల్ గ్యారంటీ ఇచ్చారు. ఆ గ్యారంటీ తెల్లవాళ్ల కాలనీలకే దొరికేది. 1941లో ఎయిట్ మైల్ దగ్గర ఒక బిల్డర్ నల్లవాళ్ల ఇళ్లకూ తను కట్టబోయే ఇళ్లకూ మధ్య గోడ కట్టాడు, లోన్ల గ్యారంటీ రావడానికి. ఆ గోడ చాలా భాగం ఇప్పటికీ ఉంది, దాని మీద పిల్లల బొమ్మలు, చరిత్ర చిత్రాలు వేశారు. వీలైతే వెళ్లి చూడండి. ఇక ఊళ్లో నల్లవాళ్ల వ్యాపారాలకు గుండెకాయలాంటి హేస్టింగ్స్ స్ట్రీట్, దాని చుట్టూ ఉన్న బ్లాక్ బాటమ్ పేటను పడగొట్టి ఐ-375 ఫ్రీవే వేశారు. అది కేవలం ఒక మైలు రోడ్డు.

నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పే ఉదాహరణ హడ్సన్స్ స్టోర్. డౌన్‌టౌన్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఊరంతా కొనుగోళ్లకు వెళ్లిన భారీ దుకాణం అది. 1954లో ఆ కంపెనీయే ఎయిట్ మైల్ దాటగానే సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌ల్యాండ్ మాల్ తెరిచింది, తన కస్టమర్లు ఎటు పోతున్నారో చూసి. డౌన్‌టౌన్ స్టోర్ 1983లో మూతపడింది, 1998లో కూల్చేశారు. తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఊరి నడిమధ్యన ఆ స్థలం ఖాళీగా ఉంది. నార్త్‌ల్యాండ్ కూడా 2015లో మూతపడింది. అప్పటికి జనం ఇంకా ఉత్తరానికి, ఇంకా పడమటికి వెళ్లిపోయారు.

హైదరాబాద్ వాళ్లు కాబట్టి మీకు ఇలా చెబితే తేలిగ్గా ఉంటుంది. కోఠి, ఆబిడ్స్ నుంచి ఉద్యోగాలు, వ్యాపారం మాదాపూర్, గచ్చిబౌలి వైపు జరిగాయి. ఆ ప్రాంతం అప్పట్లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు కాబట్టి గచ్చిబౌలి టవర్ల మీద వచ్చే ఆస్తి పన్నుతో పాతబస్తీలో డ్రైనేజీ వేసే వీలు కలిగింది. నిజంగా ఎంత వేశారన్నది వేరే చర్చ, కానీ అప్పుడు ఖజానా ఒకటైంది. డెట్రాయిట్‌కి ఆ దారి మూసుకుపోయింది. చుట్టుపక్కల భూమిని కలుపుకోవడం 1926తోనే ఆగిపోయింది. ఆ తర్వాత పెరిగిన ప్రతి సబర్బ్‌కీ సొంత మేయర్, సొంత పోలీసు, సొంత స్కూలు డిస్ట్రిక్ట్, సొంత పన్నులు. నల్ల, తెల్ల పిల్లలను ఈ గీతలు దాటించి కలిపి చదివించాలన్న కోర్టు ఆదేశాన్ని కూడా 1974లో మిల్లికెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఊళ్లలో ఆస్తులు పంచుకుని పెద్ద కొడుకులు వేరుపడి, అప్పులు మాత్రం పాత ఇంట్లో ఉన్న తల్లిదండ్రుల పేరు మీదే వదిలేసిన కుటుంబాలను మీరు చూసే ఉంటారు. డెట్రాయిట్‌కి జరిగింది అదే. 18 లక్షల మందికి వేసిన 360 చదరపు కిలోమీటర్ల రోడ్లు, పైపులు, దీపాలు, రిటైరైన ఉద్యోగుల పెన్షన్లు అలాగే ఉన్నాయి. వాటి ఖర్చు మోయాల్సినవాళ్లు మూడో వంతు మిగిలారు, అదీ ఎక్కువమంది పేదవాళ్లు.

2013 జూలై 18న నగరం దివాలా పిటిషన్ వేసింది. దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పులు, బాధ్యతలు. అమెరికా చరిత్రలో ఇంత పెద్ద నగర దివాలా లేదు. అప్పటికి వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలగడం లేదు. ఆ సమయంలో అప్పులవాళ్లు ఆర్ట్ మ్యూజియంలోని వాన్ గో, బ్రూగెల్ చిత్రాలు అమ్మమన్నారు. చివరికి ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం దాతలు కలిసి 20 ఏళ్లలో ఇచ్చేలా 81.6 కోట్ల డాలర్లు పోగు చేశారు. దాన్ని గ్రాండ్ బార్గెన్ అంటారు. మ్యూజియాన్ని స్వతంత్ర సంస్థకు అప్పగించారు, ఆ డబ్బు పెన్షన్లకు పోయింది. అయినా సాధారణ ఉద్యోగుల పెన్షన్ 4.5 శాతం కోశారు, ధరల ప్రకారం ఏటా పెరగాల్సిన పెంపు తీసేశారు, ఆరోగ్య బీమా బాగా తగ్గించారు. డెట్రాయిట్ కోలుకుందని ఎవరు చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది వీళ్లే. బస్సులు నడిపినవాళ్లు, చెత్త ఎత్తినవాళ్లు, నీటి బిల్లులు రాసినవాళ్లు. ఈ పునరుద్ధరణలో తమ వంతు సొమ్ము అందరికంటే ముందు కట్టింది వాళ్లు.

2014 డిసెంబర్‌లో నగరం దివాలా నుంచి బయటపడింది. 2016 చివరికల్లా 65,000 ఎల్ఈడీ దీపాలు బిగించారు. మేయర్ మైక్ డుగ్గన్ కాలంలో బడ్జెట్లు ఏటా సమతూకంగా వచ్చాయి. 2024లో నగరం బాండ్లకు మళ్లీ ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ రేటింగ్, అంటే అప్పివ్వడానికి ఫర్వాలేదన్న గుర్తింపు, దక్కింది.

ఇక డౌన్‌టౌన్. ఇది ఒక్కరు చేసిన పని అని చాలాచోట్ల చదువుతారు. డాన్ గిల్బర్ట్ పాత్ర పెద్దదే, అనుమానం లేదు. 2010లో లివోనియా సబర్బ్ నుంచి క్వికెన్ లోన్స్ కంపెనీని, 1,700 మంది ఉద్యోగులను డౌన్‌టౌన్‌కి తెచ్చాడు. తర్వాత బెడ్‌రాక్ కంపెనీ పేరుతో 100కు పైగా భవనాలు, స్థలాలు కొన్నాడు. కానీ అతను వచ్చేసరికి నేల కొంత సిద్ధమై ఉంది. కంప్యూవేర్ కంపెనీ 2003లోనే సబర్బ్ నుంచి డౌన్‌టౌన్ కూడలి కాంపస్ మార్షియస్‌కి మారింది. 2004లో అక్కడ పార్క్ తెరిచారు. బేస్‌బాల్ స్టేడియం 2000లో, ఫుట్‌బాల్ జట్టు లయన్స్ పాంటియాక్ నుంచి తిరిగొచ్చిన ఫోర్డ్ ఫీల్డ్ 2002లో వచ్చాయి. నది ఒడ్డున సిమెంటు గుట్టలు, పార్కింగ్ తీసేసి నడకదారి వేశారు. భవనాలు అప్పటికి కారుచౌకగా ఉన్నాయి, కొనేవాడు లేడు. ఆ స్థితిలో ఒకే చేతిలోకి ఇన్ని భవనాలు వెళ్లడం వల్ల పని వేగంగా జరిగింది. ఒక్క సంస్థ నిర్ణయాల మీద డౌన్‌టౌన్ ఇంతగా ఆధారపడటం నాకు నచ్చదు కూడా.

ఆ హడ్సన్స్ స్థలంలో ఇప్పుడు 681 అడుగుల టవర్ ఉంది. జీఎం తన హెడ్‌క్వార్టర్స్‌ని రెనసాన్స్ సెంటర్ నుంచి అక్కడికి మారుస్తామని 2024లో ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో మిషిగన్ సెంట్రల్ స్టేషన్ తిరిగి తెరిచారు. 1988లో చివరి రైలు వెళ్లిపోయాక ముప్పై ఏళ్లు అది ఈ ఊరి పతనానికి పోస్టర్. అద్దాలు పగిలి, రాగి తీగలు దొంగలు పీక్కెళ్లి నిలబడి ఉండేది. 2018లో ఫోర్డ్ కొని బాగుచేసింది. తెరిచిన రోజుల్లో లోపలికి వెళ్లినవాళ్లలో ముసలివాళ్లు హాలు మధ్యలో నిలబడి ఏడవడం చూశాను. పైన టైళ్ల కప్పు చూడటానికే ఒకసారి వెళ్లండి.

ఇందులో ప్రజల డబ్బు ఎంత ఉందో కూడా తెలియాలి. హడ్సన్స్, బుక్ టవర్, ఇంకో రెండు ప్రాజెక్టులకు కలిపి 2018లో 61.8 కోట్ల డాలర్ల దాకా రాష్ట్ర, స్థానిక పన్నులు తిరిగి బిల్డర్‌కే దక్కేలా ఆమోదించారు. తర్వాత 2022లో హడ్సన్స్‌కే మరో 6 కోట్ల డాలర్ల పన్ను మినహాయింపు ఇచ్చారు. లిటిల్ సీజర్స్ అరీనా అనే ఇండోర్ స్టేడియం విషయంలో నాకు ఇంకా కోపం ఉంది. ప్రజల డబ్బు భారీగా తీసుకుని 2017లో అరీనా కట్టారు, చుట్టూ ఇళ్లు, షాపులతో కొత్త పేటలు వస్తాయన్నారు. ఏళ్లు గడిచినా అక్కడ ఎక్కువగా కనిపించింది పార్కింగ్ స్థలాలే. జీఎం వెళ్లిపోయాక రెనసాన్స్ సెంటర్‌లో రెండు టవర్లు కూల్చి మిగతావి మారుస్తామని 2024లో ప్రతిపాదన పెట్టారు, దానికీ ప్రజాధనం అడిగారు.

అయినా నగరం డౌన్‌టౌన్ కోసం ఇంత తాపత్రయపడటానికి బలమైన కారణం ఉంది. డెట్రాయిట్‌కి సొంత ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంది. ఊళ్లో నివసించేవాళ్లకు 2.4 శాతం. బయట ఉంటూ ఊళ్లో పనిచేసేవాళ్లకు 1.2 శాతం. నగర ఆదాయంలో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే, ఆస్తి పన్ను కాదు. గీత దాటి వెళ్లిపోయిన సంపదలో ఎంతో కొంత నగరానికి తిరిగొచ్చే దారి డౌన్‌టౌన్ ఆఫీసు కుర్చీయే. మీరు నోవైలో ఇల్లు తీసుకున్నా, డౌన్‌టౌన్‌లో పనిచేసిన రోజులకు మీ జీతంలో కొంత ఏదో ఒక పేటలో ఫైర్ స్టేషన్‌కి పోతుంది. కోవిడ్ తర్వాత ఇంటి నుంచి పని మొదలయ్యాక సబర్బ్ వాళ్లు ఆ రోజుల పన్ను వాపసు తీసుకున్నారు, నగర బడ్జెట్‌కి అది గట్టిగా తగిలింది. అందుకే ఒక్క ఖాళీ ఫ్లోర్ కూడా మేయర్ ఆఫీసుకి టెన్షనే.

జనాభా సంగతికి వద్దాం. సెన్సస్ అంచనా ప్రకారం 2023లో నగర జనాభా కొద్దిగా పెరిగింది, 1957 తర్వాత మొదటిసారి. 2024 జూలై అంచనా 6,45,705. ఈ అంకెల మీద నగరానికీ సెన్సస్ బ్యూరోకీ పెద్ద వాదన నడిచింది, ఖాళీగా ఉండి బాగుచేసిన ఇళ్లను సరిగ్గా లెక్కించడం లేదని నగరం కోర్టుకి కూడా వెళ్లింది. పెరుగుదల చిన్నదే. కానీ ఏటా వేల మందిని కోల్పోయే ఊరు ఆగి నిలబడటం చిన్న విషయం కాదు. హత్యలు 2024లో 203, 1965 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఇంకోటి, పెరుగుదల అంటే డౌన్‌టౌన్ అపార్ట్‌మెంట్లే అనుకోకండి. హామ్‌ట్రామిక్ అనే పక్క ఊరి సరిహద్దు దగ్గర బంగ్లాదేశీ కుటుంబాలు ఖాళీ ఇళ్లు కొని, పెరట్లో సొరపాదులు పందిళ్లకెక్కించి ఒక పేటనే నిలబెట్టాయి. దానికి బంగ్లాటౌన్ అనే పేరు స్థిరపడింది. నైరుతిలో మెక్సికన్ కుటుంబాలు అదే పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. ఏ పన్ను మినహాయింపూ లేకుండా జరిగిన పునరుద్ధరణ ఇది.

రెండో వైపు ఇదీ వాస్తవం. నగరంలో దాదాపు మూడో వంతు మంది పేదరికంలో ఉన్నారు. 2010 నుంచి 2016 మధ్య ఇళ్ల ధరలు కుప్పకూలినా పన్ను లెక్క తగ్గించకుండా కనీసం 60 కోట్ల డాలర్లు ఎక్కువ పన్ను వేశారని డెట్రాయిట్ న్యూస్ పత్రిక తేల్చింది. కట్టలేక వేలాది మంది సొంత ఇళ్లు పోగొట్టుకున్నారు. డౌన్‌టౌన్ టవర్లకు పన్ను వదిలిన ఊరే ముసలమ్మ ఇంటిని పన్ను బాకీకి వేలం వేసిందన్న మాట పేటల్లో మీకు వినిపిస్తుంది. వేలం వేసింది వేన్ కౌంటీ అయినా, ఆ ఎక్కువ పన్ను వేసింది మాత్రం ఊరే. స్థానికులు కొత్త భవనాలను అనుమానంగా చూస్తే వాళ్లను తప్పుపట్టకండి.

అసలు గీత మాత్రం ఇంకా చెరగలేదు. మూడు కౌంటీల జనం జూకి 2008లో, ఆర్ట్ మ్యూజియంకి 2012లో పన్ను కట్టడానికి ఓటేశారు. దివాలా వల్ల నీటి సరఫరా కూడా ప్రాంతీయ సంస్థ చేతికి వెళ్లింది, పైపుల లీజుకి నగరానికి ఏటా 5 కోట్ల డాలర్లు వస్తాయి. కానీ 2016లో ప్రాంతమంతటికీ బస్సులు, రైలు అంటే ఓడించారు, ఓక్లాండ్‌లో చాలా స్వల్ప తేడాతో, మకోంబ్‌లో పెద్ద తేడాతో. వుడ్‌వర్డ్ మీద 2017లో వచ్చిన క్యూలైన్ ట్రామ్ 3.3 మైళ్లు వెళ్లి ఆగిపోతుంది. కారు లేని డెట్రాయిట్ మనిషికి నోవైలో ఉద్యోగం ఇచ్చినా వెళ్లి చేరడం కష్టంగానే ఉండేది, చాలా ఏళ్లు నోవై ఊరే సబర్బన్ బస్సు వద్దని బయట ఉండిపోయింది. 2022లో ఓక్లాండ్ కౌంటీ ఓటు తర్వాతే అది మారింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్ల ఓటు కాబట్టి ఇది చెబుతున్నాను. పౌరసత్వం వచ్చినవాళ్లు ఈ చిన్న చిన్న మిల్లేజ్ (ఆస్తి పన్ను) ఓట్లను కూడా పట్టించుకోవాలని నా కోరిక.

మీ ఇంటి సంగతి. పాప స్కూలే మీకు ముఖ్యమైతే, చుట్టూ తెలుగువాళ్లు ఉండాలనుకుంటే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ సరిపోతాయి. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, ట్రాయ్‌లో భారతీయ టెంపుల్ ఉంది. తానా మహాసభలు 2015లో డౌన్‌టౌన్‌లోని కోబో సెంటర్‌లో జరిగితే, 2025లో నోవైలో జరిగాయి, మన జనం ఎక్కడున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. ట్రాఫిక్ లేకపోతే నోవై నుంచి డౌన్‌టౌన్ అరగంట పైచిలుకు, మంచు పడిన ఉదయం ఎంతైనా పట్టొచ్చు.

ఊళ్లోనే ఉండాలనిపిస్తే మొదటి ఏడాది అద్దెకు ఉండండి. డౌన్‌టౌన్, మిడ్‌టౌన్, కార్క్‌టౌన్, లఫయెట్ పార్క్, ఈ చోట్ల అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి. కొనేముందు రెండు లెక్కలు వేయండి. కారు ఇన్సూరెన్స్ పిన్‌కోడ్‌ని బట్టి మారుతుంది, డెట్రాయిట్‌లో దేశంలోనే అత్యధికంగా ఉండేది. 2019లో చట్టం మార్చినా ఇప్పటికీ సబర్బ్ కంటే ఎక్కువే, ఇల్లు చూసేలోపే కొటేషన్ తెప్పించుకోండి. రెండోది ఆస్తి పన్ను. మిషిగన్‌లో 1995 నుంచి ఒకే యజమాని దగ్గర ఇల్లు ఉన్నంతకాలం పన్ను విలువ ఏటా ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి పెరగదు. ఇల్లు చేతులు మారిన మరుసటి ఏడాది ఆ పరిమితి ఎగిరిపోతుంది. అమ్మేవాళ్లు కడుతున్న పన్ను చూసి నెలవారీ ఖర్చు లెక్కేసుకున్న తెలుగు కుటుంబాలు సబర్బ్‌లోనూ ఇబ్బంది పడ్డాయి. డెట్రాయిట్‌లో పన్ను రేటే ఎక్కువ కాబట్టి అక్కడ తేడా ఇంకా పెద్దగా ఉంటుంది. కొత్త విలువ మీద పన్ను ఎంతవుతుందో రాష్ట్ర ఖజానా శాఖ వెబ్‌సైట్‌లోని ఎస్టిమేటర్‌లో చూసుకోండి, ఆ పేటకి నైబర్‌హుడ్ ఎంటర్‌ప్రైజ్ జోన్ తగ్గింపు ఉందో లేదో సిటీ అసెసర్ ఆఫీసుని అడగండి.

మీ ఆఫర్‌లో ఆఫీసుకు వారానికి ఎన్ని రోజులు రావాలో రాసి ఉందా? ఉంటే ఆ సంఖ్య, సుమారు బడ్జెట్ ఇక్కడ రాయండి. ఊళ్లో, సబర్బ్‌లో నెలకి ఎంత ఖర్చవుతుందో పన్నులతో కలిపి లెక్క వేసి పెడతాను.